కొమ్ముపురుగు పొట్టలో కాపురాలు

ధవళేశ్వరం రేవులో పడవ ఎక్కేసరికి ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. చంకలో బట్టల మూట, ఒళ్ళో టేకు పెట్టె పెట్టుకుని కూర్చున్నాను. మూట నీళ్ళపాలైనా ఫరవాలేదు గానీ పెట్టెకు తడి తగలకూడదని డాక్టరు దొరగారు రేవుదాకా వచ్చి మరీ చెప్పి వెళ్ళారు. అందులో ఉన్నది ఆయన సూక్ష్మదర్శిని. ఇత్తడి గొట్టం, దాని కింద వెలుగు పట్టే చిన్న అద్దం. ఒంటికన్ను పెట్టి చూస్తే, నీటిబొట్టులో కూడా ఒక ఊరు కనిపిస్తుంది.

ఈ ప్రయాణం ఎందుకు పెట్టుకున్నానో ముందు చెప్పాలి. నేను రాజమహేంద్రవరంలో బడిపంతుల్ని. పాఠం ఎలా చెబుతానో పిల్లల్ని అడగాలి గానీ బొమ్మలు మాత్రం బాగా వేస్తానని పేరు. దొరగారికి ఆస్పత్రి పని ముగిశాక పురుగుల పొట్టలు కోసి, లోపల కదిలే సూక్ష్మజీవుల్ని రకాలుగా విడదీయడం సరదా. ఆయన చూపించేవారు, నేను బొమ్మ వేసేవాణ్ణి. మొదట్లో ఆ బొమ్మల కోసం వెళ్ళేవాణ్ణి. తరవాత తరవాత ఆ గొట్టం మీద కన్ను పెట్టకపోతే నాకు పొద్దు గడిచేది కాదు. అలాంటిది, ఆయన పని విరమించుకుని ఇంగ్లండు సీమకు వెళ్ళిపోతున్నానన్నారు. ఆయనతోపాటు సూక్ష్మదర్శినీ వెళ్ళిపోతుంది. ఆ మాట విన్న పూట నాకు అన్నం సహించలేదు.

నా మొహం చూసి దొరగారు ఒక పందెం వేశారు. కొబ్బరిచెట్టు మొవ్వు తొలిచే కొమ్ముపురుగు మీకు తెలిసే ఉంటుంది. పెంటకుప్పల్లో, కుళ్ళిన మానుల్లో పెరిగే దాని పిల్లపురుగు పొట్టలో ఆయన నాలుగు రకాల సూక్ష్మజీవుల్ని గుర్తించి, ఒక పటం మీద నాచేతే వేయించారు. మొదటిది కర్రముక్కలా ఉంటుంది. రెండోది కొడవలి. మూడోది మెలికలు తిరుగుతూ పరుగెత్తుతుంది. నాలుగోది మాత్రం ఆయన ప్రాణం. కోలగా ఉన్న గింజకు పక్కన ఇంకో గింజ మొలిచి, దానికి మరొకటి మొలిచి, ముత్యాల సరంలా ఉంటుంది. సీమలో పండితుల సభలో దాన్ని గురించి చదవాలని ఆయన కోరిక.

“ఈ పటంలో లేని అయిదో రకం తీసుకొని రా పంతులూ. నా కంటితో నేను చూడవలెను. చూచితినా, ఈ యంత్రము నీది. లేదా, శుక్రవారము నాతోకూడ పడవ ఎక్కును” అన్నారు. ఆయన తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్న తెలుగు.

ఇంకో మాట కూడా చెప్పారు. పురుగు పొట్టలోని ద్రవం చిక్కగా ఉంటుంది, కాస్త పలచన చేస్తేగాని ఏమీ కనిపించదు. కాలవనీళ్ళలో, నూతినీళ్ళలో వాటి సొంత ప్రాణులు ఉంటాయి కాబట్టి ఏది పురుగుదో ఏది నీటిదో తెలియదు. అందుకని కొబ్బరిబొండం నీళ్ళు కలపమన్నారు. దేవుడు మూత వేసి పంపిన సీసా అట అది. కిందటేడు ఉప్పలగుప్తం దారిలో వెంకన్నగారనే రైతు తోటలో బస చేసి ఆయన అలాగే చేశారట. నన్నూ అక్కడికే వెళ్ళమన్నారు.

పడవ గోదావరి దాటి బొబ్బర్లంక లాకుల్లోంచి కాలవలోకి దిగేసరికి పొద్దు బారెడెక్కింది. ఆనకట్ట కట్టాక తవ్విన కాలవ. గట్లు ఇంకా కొత్తగా, ఎర్రగా ఉన్నాయి. గట్టు మీద ఇద్దరు మనుషులు తాడు భుజాన వేసుకుని పడవను లాగుతూ నడుస్తున్నారు. నా పక్కన రాజోలుకు పోయే తమలపాకుల వర్తకుడు కూర్చున్నాడు. చాలాసేపు పెట్టెకేసి చూసి చూసి, ఉండబట్టలేక అడిగేశాడు.

“ఏవనుకోకండి, పెట్టెలో ఏవుందండీ?”

“చిన్నవాటిని పెద్దగా చూపించే యంత్రం.”

“ఆయ్! అయితే మా బావమరిది బుర్ర ఓసారి చూపించాలండి. ఇన్నేళ్ళబట్టి ఎతుకుతున్నాం, కనబళ్ళేదు.”

పడవంతా నవ్వింది. ఆ నవ్వులోనే చద్దన్నం మూటలు విప్పారు. మా ఆవిడ కట్టిచ్చిన మాగాయ పక్కవాళ్ళకు పెడితే, వాళ్ళు నాకు అరటిపళ్ళు పెట్టారు. కొత్తపేట రేవులో దిగేటప్పటికి సాయంత్రమైంది. ఆ రాత్రికి పూటకూళ్ళమ్మ ఇంట్లో భోజనం, అరుగు మీద పడక. కంద బచ్చలి కూర అమోఘం. చారు మాత్రం నీళ్ళకు చింతపండును పరిచయం చేసినట్టుంది. అటు వెళ్తే ముందు కూర కలుపుకుని కడుపు నింపుకోండి.

మర్నాడు పొద్దున్నే అమలాపురం వెళ్ళే ఎడ్లబండి కుదుర్చుకున్నాను. దారి పొడుగునా కొబ్బరి నీడే గనక ఎండ తెలియదు, గతుకులు మాత్రం తెలుస్తాయి. పెట్టె అదరకుండా ఒళ్ళో ఎత్తి పట్టుకుని కూర్చోవడంతో అమలాపురం చేరేసరికి నా మోచేతులు నావి కావు. అక్కడ బండి మారి, మధ్యాహ్నం తిరిగాక వెంకన్నగారి తోట చేరాను.

వీధి గుమ్మంలో కాలు పెట్టానో లేదో, చేతిలో బొండం ఉంది. ఎవరు తెచ్చారో, ఎప్పుడు తెచ్చారో చూడనే లేదు. “ముందు పుచ్చుకోండి బాబూ, మాటలు తరవాతండి” అన్నారు వెంకన్నగారు. ఆయన పొడుగ్గా, నెమ్మదిగా ఉండే మనిషి. ఆయన భార్య మహలక్ష్మమ్మగారు పొట్టి, చురుకు. ఆ ఇంట్లో ఎవరైనా నోరు తెరిచి ఏదైనా అడిగే అవకాశం ఆవిడ ఇవ్వరు.

వచ్చిన పని చెప్పగానే వెంకన్నగారి మొహం విప్పారింది. “పురుగులాండీ? ఎన్ని కావాలంటే అన్ని పట్టుకెళ్ళండి. ఊరంతటివీ ఇప్పించేస్తాను. కిందటేడు దొరగారు ఓ బుట్టెడు తీసుకెళ్ళేరు, మా చెట్లు తేరుకున్నాయండి.”

పెంటకుప్ప తవ్వితే బొటనవేలంతేసి తెల్లటి పిల్లపురుగులు చుట్ట చుట్టుకుని పడుకుని ఉన్నాయి. సూక్ష్మదర్శినిని వరండాలో ఎండ తగిలేచోట నిలబెట్టి, మహలక్ష్మమ్మగారు ఇచ్చిన బొండం నీళ్ళతో పని మొదలుపెట్టాను. కర్రముక్కలు కనిపించాయి, కొడవళ్ళు కనిపించాయి, మెలికలవి పరుగెత్తాయి, దొరగారి ముత్యాల సరాలు బారులు తీరాయి. పాత స్నేహితులు ఎదురొచ్చినంత సంబరమైంది. కానీ నాకు కావలసింది కొత్తవాళ్ళు.

మా ఇళ్ళలో నియమం ప్రకారం మా కులంవాళ్ళు వండినది తప్ప తినను గనక, పూటకూళ్ళ ఇల్లు లేనిచోట నాకు స్వయంపాకమే గతి. బియ్యం, పప్పు, నెయ్యి వెంకన్నగారు ఇచ్చారు. దొడ్లో రాళ్ళపొయ్యి మీద నేను వండుకున్నది పప్పో, గోడకు పూసే సున్నమో తినే నాకే తెలియలేదు. మహలక్ష్మమ్మగారు దూరంగా నిలబడి చూసి చూసి అనేశారు.

“వచ్చినకాణ్ణించీ పురుగుల పొట్టలు కోస్తున్నారు కదండీ. దానికి లేని మైల మా వంటకొచ్చిందాండి?”

నాకు నవ్వొచ్చింది. పురుగును కోశాక తలస్నానం చేస్తున్నానని గొణిగాను.

రెండో రోజు అదృష్టం కలిసొచ్చింది. ద్రవాన్ని వదిలేసి, పురుగు పేగు చివరి భాగాన్ని చీల్చి, దాని లోపలి గోడను గాజుపలక మీద పరిచాను. గోడ నిండా సన్నటి పోగులు! ఒక కొస గోడకు అంటుకుని ఉంది, రెండో కొస నీళ్ళలో ఆడుతోంది. నీరు పెట్టిన నారుమడి గాలికి ఊగినట్టే ఉంది. దగ్గరగా చూస్తే ఒక్కొక్క పోగూ చెరుకుగడలా కణుపులు కణుపులుగా ఉంది. దొరగారి పటంలో ఇది లేదు. వరండాలో ఒక్కణ్ణే ఉన్నానని మరచిపోయి గట్టిగా అరిచాను. వెంకన్నగారు పామనుకుని కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చారు.

దంపతులిద్దరూ వంతులవారీగా చూశారు. “ఇన్ని పొట్టలో పెట్టుకుని పురుగు ఎలా బతుకుతోందండీ పాపం?” అన్నారు వెంకన్నగారు.

“పాపమేం కాదు. పురుగు తినేది చూడండి, ఎండు కొబ్బరిడొక్క, కుళ్ళిన మాను, పీచుపొట్టు. మేక కూడా ముట్టదు. అదంతా దానికి ఒంటపడుతోందంటే లోపల ఎవరో దాన్ని వండి పెడుతున్నారనే నా అనుమానం. ఇల్లు పురుగుది, వంట వీళ్ళది. కలిసి కాపురం.”

“అయితే పురుగే నయవండి. వంటకి మనిషిని పెట్టుకుంది” అని నా పప్పుగిన్నెకేసి చూశారు మహలక్ష్మమ్మగారు.

ఆ మర్నాడు ఆవిడ ఉప్పలగుప్తంలో చెల్లెలి ఇంటికి పేరంటానికి వెళ్ళారు. బొండం కావాలంటే వెంకన్నగారు చెట్టెక్కే మనిషిని పిలిచి నా ముందే కొట్టించారు. ఆ పూట పురుగులు పెంటకుప్పవి కావు, తోటలో పడి ఉన్న కుళ్ళిన మానులోవి. వాటిలో పోగులున్నాయి, మిగతా మూడూ ఉన్నాయి. ముత్యాల సరం మాత్రం ఎంత వెతికినా లేదు. ఇంకేం, నా బుర్ర పరుగందుకుంది. పెంటకుప్ప పురుగులకు ఒక కాపురం, మాను పురుగులకు ఒక కాపురం! పటాన్ని రెండు గడులుగా విడదీసి గీశాను. ఇది చూస్తే దొరగారు కుర్చీలోంచి లేస్తారని ఊహించుకుని, ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

పొద్దున్న మహలక్ష్మమ్మగారు తిరిగొచ్చారు, నేను అడగకుండానే బొండం వచ్చింది. అదే మానులోని పురుగును కోశాను. ముత్యాల సరాలు కుప్పలు తెప్పలు. ఒళ్ళు మండిపోయింది. నిన్న లేనివి ఇవాళ ఎక్కణ్ణించి వచ్చాయి? పటం చింపేద్దామనుకున్నాను. ఇంకో పురుగును చూద్దామని గాజుపలక తుడిచి, ముందుగా బొండం నీటిచుక్క వేసి ఉంచి, పురుగు కోసం తొట్టిలో చెయ్యి పెట్టాను. అది దొరికేలోగా ఊరికే గొట్టం మీద కన్ను పెట్టాను.

పురుగు లేదు. ముత్యాల సరాలున్నాయి.

బొండం ఎత్తి చూశాను. చక్కగా మూత పెట్టి ఉంది. మహలక్ష్మమ్మగారిని పిలిచి, ఎప్పుడు కొట్టించారని అడిగాను.

“ఇప్పుడేనండి” అన్నారావిడ. నా మొహం చూసి తల దించుకున్నారు. “అంటే… మొన్నటిదండి.”

“మొన్నటిదా?”

“ఆయ్. వచ్చిన మనిషి దాహం అని అడిగేదాకా ఆగితే ఇంకేం మర్యాదండి? అప్పుడు మనిషిని పిలిచి చెట్టెక్కిస్తే ఇంట్లో ఏం లేదన్నట్టుండదూ? అందుకని రోజూ కాసిని కొట్టించి, మూతలు పెట్టి ఉంచుతాం. తమరు తాగేవి ఏ పూటకి ఆ పూటవేనండి, ఒట్టు. మిగిలిపోయినవి పురుక్కి పోస్తున్నాను. పురుక్కి పాతవైతే ఏవండీ అనుకున్నాను.”

నవ్వు ఆపుకోలేకపోయాను. ఆవిడా నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ ఒక ప్రశ్న నోట్లోంచి వచ్చింది. “కిందటేడు దొరగారికి?”

“ఆయన పురుగులకీ మిగిలిపోయినవేనండి.”

నా నవ్వు ఆగిపోయింది. దొరగారి ప్రాణమైన నాలుగో రకం పురుగు పొట్టలో పుట్టలేదు. నిలవున్న బొండం నీళ్ళు పులిస్తే అందులో పుట్టింది. సభలో అంతమంది ముందు ఆయన చదవబోయేది దాన్ని గురించే.

ముందు నా పోగు సంగతి చూసుకున్నాను. అది కూడా బొండం పుణ్యమేనేమో ఎవరికి తెలుసు? నా ఎదురుగా కాయ కొట్టించి, పెంటకుప్ప పురుగుల్ని, మాను పురుగుల్ని మళ్ళీ వరసగా చూశాను. ముత్యాలు లేవు. పోగులు గోడను పట్టుకుని అన్నిటిలోనూ ఊగుతున్నాయి. నాది నిలబడింది. ఆయనది పడిపోయింది.

సాయంత్రం వరండాలో ఇది దొరగారికి చెప్పాలా వద్దా అన్న మాటే నడిచింది. నిజం చెప్పాలంటే నాకు చెప్పాలని లేదు. నోరు మూసుకుని పోగు చూపిస్తే యంత్రం నాదవుతుంది. ముత్యాల మాట ఎత్తితే దొరగారి మనసు విరిగి, ఏ యంత్రమూ లేదు పొమ్మంటే నేనేం చేయగలను?

“చెప్పకండి పంతులుగారూ” అన్నారు వెంకన్నగారు. “సముద్రాలు దాటి ఎళ్ళిపోయే మనిషి. కష్టపెట్టి పంపడం మన పద్ధతి కాదండి.”

“అక్కడ సభలో చదివేక ఎవరో ఒకరు కనిపెడతారు కదండీ?” అన్నారు మహలక్ష్మమ్మగారు. “మనింటి బొండం మూలంగా ఆయన అంతమందిలో నవ్వులపాలైతే అదీ మర్యాదేనాండి? నే చెప్పనా? ఓ కాయ ఇప్పుడే కొట్టి మూత పెట్టిస్తాను, అక్కడికెళ్ళేసరికి పులుస్తుంది. తతిమావి కొట్టకుండా బుట్టలో పెడతాను. తీసికెళ్ళి చూపించండి. చెప్పడం వేరు, చూపించడం వేరండి.”

తిరుగు ప్రయాణంలో నా సామాను పెరిగింది. మూట, పెట్టె, కొబ్బరిబుట్ట, పైగా పెంటతో నింపిన కుండలో పిల్లపురుగులు. కొత్తపేటలో పడవ ఎక్కగానే ఒక ముసలి రైతు కుండలోకి తొంగి చూసి కేకలు వేశాడు. “ఇదేటండీ! కొమ్ముపురుగుల్ని ఊళ్ళు తిప్పుతున్నారా? పైన మా తోటలకి అంటిద్దావనాండీ?” పడవ నడిపే సరంగు కుండను కాలవలో వదిలేయమన్నాడు. ఒక్కటి కూడా ప్రాణాలతో బయటపడదని, అన్నిటి పొట్టలూ నేనే స్వయంగా కోస్తానని అందరి ముందూ ఒప్పుకున్నాక ముసలాయన శాంతించాడు. తరవాత బొబ్బర్లంక దాకా కుండ మూత మీద తనే చెయ్యి వేసి కూర్చున్నాడు.

ధవళేశ్వరంలో దొరగారి బసలో గదులన్నీ బోసిగా ఉన్నాయి. పెట్టెలకు తాళ్ళు బిగిస్తున్నారు. సూక్ష్మదర్శినిని కిటికీ దగ్గర పెట్టి, పురుగు పేగుగోడ పరిచి పక్కకు జరిగాను. ఆయన కన్ను ఆనించారు. పలకను ఇటూ అటూ జరిపి, గోడ పొడుగునా చూశారు. తరవాత తలెత్తారు.

“ఇది నా పటములో లేదు. యంత్రము నీది పంతులూ.”

దండం పెట్టాను. అప్పుడే పెట్టె సర్దుకుని వెళ్ళిపోవచ్చు. బుట్ట గుమ్మం అవతల ఉంది, దాన్ని ఆయన చూడనే లేదు. పెట్టె మూత మీద చెయ్యి వేశాను కూడా. వెయ్యగానే సభలో నిలబడి చదువుతున్న దొరగారు కళ్ళకు కట్టారు. చెయ్యి తీసేశాను. మూత పెట్టిన కాయలోంచి ఒక చుక్క పలక మీద వేసి, “ఇదొకటి చూడండి” అన్నాను.

“ఆహా, నా ముత్యాల సరము! ఎంత నిండుగా ఉన్నది! ఈ పురుగు ఏ కుప్పలోనిది?”

“పురుగు లేదండి. కొబ్బరినీళ్ళండి.”

ఆయన మళ్ళీ చూశారు. పలక తీసి వెలుగుకు పెట్టి చూశారు. బొండాన్ని, దాని మూతను చూశారు. మహలక్ష్మమ్మగారి మర్యాద కథ అంతా చెప్పాను. ఆయన లేచి కిటికీలోంచి గోదావరికేసి చూస్తూ నిలబడ్డారు. ఆ వీపు చూస్తే నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఎందుకు చెప్పానా అనుకున్నాను.

“ఆ బుట్టలోనివి కొట్టనివేనా?” అని అడిగారు, ఇటు తిరగకుండానే.

“కొట్టనివేనండి.”

“అయితే ఒకటి నా ఎదుట కొట్టు.”

కొట్టి ఇచ్చాను. ఆఖరి చుక్కదాకా తాగి, మీసం తుడుచుకుని, బల్ల దగ్గర కూర్చుని పటం విప్పారు. ముత్యాల సరం మీద అడ్డంగా ఒక్క గీత గీశారు. తరవాత నా పోగు బొమ్మ దగ్గరికి లాక్కున్నారు. దాని కింద నేను ఎంతో గర్వంగా అయిదు అంకె వేసుకున్నాను. ఆయన దాన్ని కొట్టేసి, వంకరటింకరగా తెలుగులో నాలుగు అంకె వేశారు.

“సభలో ఇది చదివెదను. కనుగొన్నవాని పేరు కూడ చదివెదను” అన్నారు.

రాజమహేంద్రవరం దాకా బండిలో పెట్టె ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాను. ఈసారి మోచేతులు నొప్పి పెట్టలేదు. సంతోషం పట్టలేకుండా ఉన్నాను, అంతలోనే రేపు పడవ ఎక్కే ఆ మనిషిని తలుచుకుని కళ్ళు తుడుచుకుంటున్నాను. కోనసీమ వెళ్ళేవారికి నేను చెప్పగలిగింది చాలా కొద్ది. అక్కడ మీకు కావలసినదేదీ నోరు విడిచి అడగనక్కర్లేదు, అడగకముందే చేతిలో ఉంటుంది. చేతిలో పెట్టినదాన్ని ఎప్పుడు కొట్టించారని అడగడానికి మాత్రం కాస్త ధైర్యం కావాలి. నేను అడిగాను. అడిగినందుకు మహలక్ష్మమ్మగారు నొచ్చుకోలేదు, దొరగారూ నొచ్చుకోలేదు. భయపడ్డవాణ్ణి నేనొక్కణ్ణే.